చేత్తో నింపినవైనా, కొట్లో కొన్నవైనా: తూటాలు ఏళ్ళ తరబడి పాడవకుండా దాచడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు దగ్గర పల్లె, ఉండేది మాత్రం చెన్నై పెరంబూరులో. నాన్న తర్వాత ఆయన ట్వెల్వ్ బోర్ తుపాకీ (ఒక్క దెబ్బకి చాలా చిన్న గుళ్ళు చిమ్మే షాట్‌గన్) నా పేరు మీదికి మారింది. అప్పట్నుంచి బంధువుల్లో లైసెన్సు ఉన్న ప్రతివాళ్ళూ, లైసెన్సు లేకుండా తాతగారి ట్రంకు పెట్టె మాత్రమే ఉన్నవాళ్ళూ, ఏ సందేహం వచ్చినా నాకే ఫోన్ చేస్తున్నారు. మా అక్క మొగుడు టెక్సాస్‌లో ఉంటాడు, గరాజ్‌లో ప్రెస్ (తూటా భాగాలని కలిపి బిగించే చేతి యంత్రం) పెట్టుకుని రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకుంటాడు. ఇందులో చేత్తో నింపిన తూటాల సంగతి చాలావరకు బావ దగ్గర నేర్చుకున్నది, ఉక్కపోతా చిలుమూ నా సొంత అనుభవం.

ముందు ఇది చెప్పండి, మన దేశంలో ఇంట్లో తూటాలు నింపుకోవచ్చా?

కుదరదు. తుపాకీ లైసెన్సు వేరు, తయారీ లైసెన్సు వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తూటాలు తయారు చేయడానికి విడిగా లైసెన్సు కావాలి, మీ దగ్గరున్న మామూలు లైసెన్సు దానికి పనికిరాదు. 2019 సవరణతో శిక్ష కూడా పెరిగింది, అంతకుముందు మూడు నుంచి ఏడేళ్ళు ఉన్నది ఇప్పుడు ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, చట్టంలో "అమ్యునిషన్" అనే మాటకి ఇచ్చిన అర్థంలో తూటా విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే బావ ప్రేమగా పంపిస్తానన్న రీలోడింగ్ ప్రెస్ కూడా ఇక్కడ చిక్కే. నేను వద్దని మర్యాదగా చెప్పాను, ఆయన కాస్త నొచ్చుకున్నాడు.

కాబట్టి కింద చేత్తో నింపిన తూటాల గురించి ఉన్నదంతా అది చట్టబద్ధమైన దేశాల్లో ఉండే మనవాళ్ళకి. మిగతాది ఇక్కడ లైసెన్సు మీద కొనుక్కున్న తూటాలు ఉన్న అందరికీ.

తూటాకి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందా?

మందుబిళ్ళల మీద ఉన్నట్టు ఉండదు. బాగా దాచిన ఫ్యాక్టరీ తూటా ముప్పై నలభై ఏళ్ళ తర్వాత కూడా పేలుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి తూటాలు అమెరికాలో ఇప్పటికీ కాలుస్తున్నవాళ్ళు ఉన్నారు. అదే తూటాని మూడు వేసవులు రేకుల షెడ్డులో, మూడు వానాకాలాలు తడి గోడ పక్కన పెట్టి చూడండి, నాలుగో ఏడు దాన్ని నేనైతే ముట్టుకోను. ఎన్నేళ్ళు అని కాదు, ఎక్కడ ఉంచారు అని అడగాలి.

లోపల అసలు ఏం పాడవుతుంది?

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి తొడుగు (ట్వెల్వ్ బోర్‌లో అయితే అడుగున ఇత్తడి, పైన ప్లాస్టిక్ గొట్టం, పాతవాటిలో అట్ట గొట్టం), ప్రైమర్, మందు, ముందు గుండు. ప్రైమర్ అంటే చిన్నప్పుడు దీపావళికి రాయితో కొట్టి పేల్చిన కేపు బిళ్ళకి పెద్దన్నయ్య అనుకోండి.

అసలు కథంతా మందులో ఉంది. ఇప్పటి తుపాకీ మందు పొగ రాని మందు, అంటే నైట్రోసెల్యులోజ్. కొన్నిటిలో దానికి నైట్రోగ్లిజరిన్ కూడా కలుపుతారు. ఈ పొగ రాని మందుని మొదట 1884లో ఫ్రాన్స్‌లో పోల్ వియెల్ తయారుచేశాడు. మన పక్కనే నీలగిరుల్లో అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీని 1903లో పెట్టారు, అది ఈ జాతి మందే చేస్తోంది, ఊటీ బొమ్మ రైలు ఆ స్టేషన్ మీదుగానే పోతుంది. ఈ నైట్రోసెల్యులోజ్‌కి ఒక జబ్బు ఉంది. ఎవరూ ముట్టుకోకపోయినా చాలా నెమ్మదిగా తనంతట తాను విరిగిపోతూ ఉంటుంది, అలా విరిగినప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు బయటికొస్తాయి, అవి తేమతో కలిసి ఆమ్లంగా మారి మిగతా మందుని ఇంకా వేగంగా తింటాయి. దీన్ని ఆపడానికే మందులో డైఫినైలమీన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. అది ఆ ఆక్సైడ్లని పట్టేసుకుంటుంది, పట్టుకున్నకొద్దీ తాను ఖర్చవుతుంది. అది ఉన్నన్నాళ్ళూ మందు భద్రం, అయిపోయిన రోజునుంచి పతనమే.

ఇది ఎంత దూరం పోగలదో ఫ్రెంచి నౌకాదళం చూసింది. తూలోన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే రెండు యుద్ధనౌకలు ఏ శత్రువూ లేకుండానే పేలిపోయాయి, వందల మంది పోయారు, కారణం లోపల పాడైన మందే. మన ఇంటి అల్మరాలో ఉండే యాభై తూటాలకి అంత శక్తి లేదు, భయపెట్టడానికి చెప్పటం లేదు, రసాయనం మాత్రం అదే. పాత సినిమా రీళ్ళు కూడా ఇదే నైట్రోసెల్యులోజ్‌తో చేసినవే, అందుకే అంత సులువుగా అంటుకునేవి. 2003లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లో కాలిపోయినవి అలాంటి రీళ్ళే.

అయితే చెన్నై ఎండకి ఏం చేయాలి? బెంగళూరులో ఉంటే పర్లేదా?

వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారుగా రెట్టింపవుతుంది, ఇంకా ఎక్కువ కూడా అవ్వొచ్చు. చెన్నైలో 2003 మే 31న 45 డిగ్రీలు కొట్టింది. బెంగళూరులో ఇప్పటిదాకా ఎక్కువ అంటే 2016 ఏప్రిల్‌లో వచ్చిన 39.2. ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉండబట్టి వాళ్ళకి ఈ విషయంలో సుఖమే, మా తమ్ముడు అక్కడ హెబ్బాళలో మామూలు చెక్క అల్మరాలో పెట్టుకుని హాయిగా ఉన్నాడు.

అయినా ఊళ్ళో వేడి కన్నా మీరు పెట్టిన చోటి వేడి ముఖ్యం. డాబా మీద సిమెంటు రేకుల గది, పైకప్పుకి ఆనుకున్న అటక, పడమటి గోడకి ఆనించిన ఇనుప బీరువా, ఈ మూడూ పనికిరావు. సాయంత్రం ఐదింటికి ఆ బీరువా తలుపు మీద చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఇక కారు డిక్కీ అయితే చెప్పనే అక్కర్లేదు, ఎండలో ఆపిన కారు లోపల అరవై డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. రేంజ్‌కి (తుపాకీ కాల్చే సాధన స్థలానికి) వెళ్ళొచ్చిన రోజే తూటాలు దించేయాలి, రేపు చూద్దాంలే అనుకుంటే అవి అక్కడే ఆదివారం దాకా ఉంటాయి. (నేనూ ఒకసారి చేశాను, అది చట్టరీత్యా కూడా తప్పే, మళ్ళీ చేయలేదు.)

ఇంట్లో మంచి చోటు అంటే మధ్య గది, బయటి గోడ కాకుండా లోపలి గోడ, నేలకి ఒక అడుగు పైన. రోజూ రాత్రి ఏసీ వేసే పడకగది అయితే ఇంకా మంచిది. వేడి కొంచెం ఎక్కువైనా ఒకే రీతిగా ఉంటే ఫర్వాలేదు, పగలు ఉడికి రాత్రి చల్లబడుతూ ఉంటే ప్రతిరోజూ డబ్బాలో గాలి వ్యాకోచించి సంకోచించి కొత్త తేమని లోపలికి లాక్కుంటుంది.

ఫ్రిజ్‌లో పెడితే?

వద్దు. తీసిన ప్రతిసారీ చల్లటి ఇత్తడి మీద చెమట పడుతుంది, చల్లటి కూల్‌డ్రింక్ సీసా మీద పట్టినట్టు. పైగా పిల్లలు పెరుగు గిన్నె కోసం తెరిచే తలుపు అది.

తేమ సంగతి? తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వేస్తే చాలా?

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మిగతా ఏడాది సముద్రపు గాలి, ఆ గాలిలో ఉప్పు. ఇత్తడికి తేమ ఒక్కటే ఉంటే నల్లబడి ఊరుకుంటుంది, ఉప్పు కలిస్తే ఆకుపచ్చ చిలుము పడుతుంది. మెరీనా వైపు, తిరువాన్మియూరు వైపు ఉండేవాళ్ళకి కిటికీ గ్రిల్లులు ఎంత త్వరగా తుప్పుపడతాయో తెలుసు కదా, తూటాకీ అదే గతి.

మిలిటరీ రకం ఇనుప డబ్బా, మూతకి రబ్బరు గాస్కెట్ ఉన్నది, ఒకటి సంపాదించండి. గాస్కెట్ పగిలిందేమో చూడాలంటే లోపల ఒక పొడి టిష్యూ పెట్టి మూత బిగించి బకెట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచండి, తీశాక టిష్యూ తడిస్తే డబ్బా బియ్యం పోసుకోవడానికి వాడుకోండి. ఇది తూటాలు పెట్టకముందు చేసే పరీక్ష అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ మా పెదనాన్న కొడుకు ఒకడున్నాడు కాబట్టి చెబుతున్నాను.

సిలికా జెల్ గురించి అందరూ మర్చిపోయే విషయం, అది ఒక్కసారి నిండాక ఇక పని చేయదు. చెప్పుల డబ్బాలో వచ్చిన సంచీ మీ చేతికి వచ్చేసరికే నిండిపోయి ఉంటుంది. రంగు మారే రకం కొనండి. నారింజ రంగుది తేమ పట్టాక ఆకుపచ్చగా మారుతుంది, నీలం రంగుది గులాబీ అవుతుంది. నీలం దాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది మంచిది కాదు, వంటకి వాడే ఓవెన్‌లో దాన్ని వేడి చేయకండి, అసలు నారింజదే తీసుకోండి. 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది, ఆ వేడి చేసేటప్పుడు తూటాలు ఆ గదిలో కూడా ఉండకూడదు. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి డబ్బాలో పడేస్తే ఊహాగానాలు అక్కర్లేదు, నేను 50 శాతం దాటితే జెల్ మారుస్తాను. డబ్బాని వాన పడే రోజు తెరవను. మార్చిలో ఒకసారి, వానలు మొదలయ్యేముందు సెప్టెంబరులో ఒకసారి, అంతే.

ఊళ్ళో ఇంట్లో గొడ్ల చావిడి పక్క గదిలో పెట్టాం, ఏమైనా అవుతుందా?

అవుతుంది, ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. తూటాల ఇత్తడిలో సుమారు డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు తుత్తునాగం. బిళ్ళలాంటి ఇత్తడిని సాగదీసి గొట్టంగా చేస్తారు కాబట్టి లోపల ఒత్తిడి మిగిలిపోయి ఉంటుంది, మెలితిప్పి వదిలేసిన తాడులాగా. అలాంటి ఇత్తడికి అమ్మోనియా తగిలితే, పైకి ఏ చిలుమూ కనబడకుండానే నిలువునా పగుళ్ళు వస్తాయి. దీన్ని కనిపెట్టింది మన దేశం పుణ్యానే. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలంలో తూటాలని గుర్రపు సాలల్లో దాచేది, కాలం గడిచేసరికి తొడుగులు పగిలి ఉండేవి. ఆ కాలంలోనే కనబడేది కాబట్టి "సీజన్ క్రాకింగ్" అన్నారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు. తర్వాత తొడుగు మెడని వేడిచేసి ఆ ఒత్తిడి తీసేయడం అలవాటైంది. రైఫిల్ తూటా మెడ దగ్గర నీలి, ఊదా రంగు నీడ ఒకటి కనబడుతుంది చూడండి, అది మచ్చ కాదు, అలా కాల్చిన గుర్తు.

గొడ్ల చావిడి, కోళ్ళ గూడు, యూరియా బస్తాలు ఉన్న గది, ఇవన్నీ దూరం. సిటీలో అయితే అమ్మోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రావకం, జుట్టుకి వేసే రంగు, ఇత్తడి సామాను తోమే పాలిష్. దేవుడి గదిలో దీపపు కుందులు తళతళలాడించే ఆ పాలిష్‌ని తూటాకి రాయాలని చాలామందికి అనిపిస్తుంది, రాయకండి. వాటిలో చాలావాటికి అమ్మోనియా ఉంటుంది.

తోలు బెల్టులో గుచ్చి ఉంచొచ్చా? చూడ్డానికి బాగుంటుంది.

బాగుంటుంది, మా నాన్న కూడా అలాగే ఉంచారు. ఆయన పోయాక ఊళ్ళో ట్రంకు తెరిస్తే పాత చొక్కాల కింద బెల్టు, దానికి పదకొండు తూటాలు. పైకి ఎర్రగా, ముద్దుగా ఉన్నాయి. ఒకదాన్ని లాగితే రాలేదు. కొంచెం తిప్పి లాగాక ఊడి వచ్చింది, అడుగు ఇత్తడి చుట్టూ తోలు తగిలిన చోటల్లా ఉంగరంలాగా ఆకుపచ్చ చిలుము, గోరుతో గీకితే పొడి రాలి వేలికి అంటుకుంది, కింద ఇత్తడి గుంటలు పడి ఉంది. అందులో నాలుగు అట్ట గొట్టాలవి. అవి తేమకి ఉబ్బి బెల్టు కన్నాల్లో బిరడాల్లా బిగిసిపోయాయి, తుపాకీలోకి పోయే పరిస్థితే లేదు. మూలన ఒకదాని మూతి విచ్చుకుని గుళ్ళు రెండు చొక్కా జేబులో దొరికాయి.

తోలు పదును చేసేది తంగేడు చెక్క లాంటి వాటిలోని ఆమ్ల పదార్థంతో, అది ఇత్తడిని తింటుంది. క్రోమ్‌తో పదును చేసిన తోలైనా ఆమ్ల గుణం పూర్తిగా పోదు. (క్రోంపేటకి ఆ పేరు వచ్చింది క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే, చెన్నైలో ఉండి ఈ మాట చెప్పకుండా ఉండలేను.) బెల్టు రేంజ్‌కి, డబ్బా ఇంటికి.

నూనె రాస్తే తుప్పు పట్టదు కదా?

తుపాకీకి రాయండి. తూటాకి వద్దు. పల్చటి నూనె ప్రైమర్ అంచు సందులోంచి లోపలికి దిగితే అది పేలకుండా పోవచ్చు, ముఖ్యంగా తుప్పు వదిలించడానికి కొట్టే స్ప్రేలు. పైగా నూనె రాసిన తూటా కాల్చినప్పుడు తొడుగు తుపాకీ గొట్టం గోడలని పట్టుకోలేక వెనక్కి జారి బోల్టు (వెనక నుంచి గొట్టాన్ని మూసే భాగం) మీద భారం ఎక్కువ పడుతుంది. పొడి గుడ్డతో తుడవడం చాలు.

చేత్తో నింపిన తూటాలకి వేరే జాగ్రత్తలు ఏమిటి?

ఫ్యాక్టరీ వాళ్ళు ప్రైమర్ చుట్టూ లక్క పూస్తారు, మిలిటరీ తూటాల్లో అయితే గుండు మెడ దగ్గర తారులాంటి పూత కూడా ఉంటుంది. ఇంట్లో నింపేవాళ్ళలో చాలామంది ఇవేమీ చేయరు, అందుకే వాళ్ళ తూటా తేమకి కొంచెం ఎక్కువ లోకువ. బావ దాచిపెట్టాలనుకున్న వాటికి మాత్రం ప్రైమర్ చుట్టూ సీలెంట్ ఒక చుక్క తిప్పుతాడు.

ఆయన ఒకసారి దెబ్బతిన్నది నింపడం దగ్గర కాదు, కడగడం దగ్గర. ఖాళీ తొడుగులని నీళ్ళలో, సబ్బులో తిప్పి కడిగి, పైన ఆరాయి కదా అని నింపేశాడు. లోపల అడుగున, ప్రైమర్ కన్నం దగ్గర, ఒక్క బొట్టు తడి మిగిలినా మూత వేసినట్టే, అది బయటికి పోయే దారి లేదు. ఏడాది తర్వాత రేంజ్‌లో పది తీస్తే మూడు టప్పుమని ఊరుకున్నాయి. అలాగే వాడిన తొడుగుని మళ్ళీ కొలతకి నొక్కేటప్పుడు రాసే గ్రీజు పూర్తిగా తుడవకపోతే అది మందుకి అంటుకుంటుంది. మైనం పూసిన సీసపు గుళ్ళయితే వేడికి ఆ మైనం కరిగి లోపలికే కారుతుంది, టెక్సాస్ గరాజ్ వేసవిలో మన చెన్నై అటక కన్నా ఏమీ తక్కువ కాదు.

ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే గుండు, తొడుగు మెడ రెండు లోహాలూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి కూడా. అలా అతుక్కున్న దాన్ని కాలిస్తే ఒత్తిడి మామూలు కన్నా పెరుగుతుంది. అందుకే అంచు దాకా మందు పోసిన తూటాలని దాచడానికి నింపొద్దంటాడు ఆయన, దాచేవి మధ్యస్థంగా ఉండాలి. నాకు ఇందులో నచ్చింది ఇంకోటి, ఈ ఏడాది కాల్చేవి ఈ ఏడాదే నింపుకోవడం. వెయ్యి తూటాలు నింపి పెట్టుకోవడం ఆవకాయ పెట్టుకోవడం కాదు.

విడిగా ఉన్న మందు, ప్రైమర్లు ఎలా దాచాలి?

ఇది విదేశాల్లో ఉన్నవాళ్ళకే. మందు అది వచ్చిన డబ్బాలోనే ఉండాలి, గాజు సీసాలోకి, హార్లిక్స్ డబ్బాలోకి మార్చకూడదు. ఆ ఒరిజినల్ డబ్బా లోపల ఒత్తిడి పెరిగితే తేలిగ్గా విచ్చుకునేట్టు చేస్తారు. అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా ఒరిజినల్ డబ్బాల్లో ఉంచుకోవచ్చు, అంతకు మించి 50 దాకా అయితే కనీసం అంగుళం మందం ఉన్న చెక్క పెట్టెలో. ఇనుప పెట్టె కాకుండా చెక్క ఎందుకంటే, ఇనుము మంటలో వేడిని లోపలికి పంపిస్తుంది, ఒత్తిడిని లోపలే బిగించి బాంబులా చేస్తుంది. నింపిన తూటాలకి గాస్కెట్ డబ్బా మంచిదే, వట్టి మందుకి అదే డబ్బా ప్రమాదం, ఈ తేడా చాలామంది పట్టించుకోరు. ప్రైమర్లు కూడా వాటి అట్టపెట్టెలోనే, ఒక్కోటి విడిగా కూర్చున్నట్టు. గాజు సీసాలో పోసి గలగలలాడిస్తే అన్నీ ఒకేసారి లేస్తాయి.

మందు డబ్బా మూత తీస్తే ఈథర్ లాంటి ఘాటు వాసన వస్తే అది ఆరోగ్యం. పుల్లగా, ముక్కు మండేట్టు వాసన వచ్చినా, ఇటుకపొడి లాంటి ఎర్ర దుమ్ము కనబడినా, ఎర్రగా పొగ లేచినా దాన్ని ఆ రోజే వదిలించుకోవాలి, అక్కడి అగ్నిమాపక శాఖని అడిగి.

చీటీ మీద ఏం రాయాలి?

చేత్తో నింపిన తూటాకి చీటీ లేకపోతే అది తూటా కాదు, పొడుపు కథ. ఏ కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం), ఏ మందు, ఎంత బరువు, ఏ ప్రైమర్, ఏ గుండు, తొడుగు ఎన్నోసారి వాడుతున్నారు, ఏ తేదీన, ఏ తుపాకీ కోసం. పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ సిరా తేమకి అలుక్కుపోతుంది. చీటీ డబ్బా మూతకి కాకుండా లోపలే పెట్టండి, మూతలు మారిపోతాయి. బావ దగ్గర "మంచివి, 2011" అని మాత్రమే రాసిన పెట్టె ఒకటి ఇప్పటికీ ఉంది, ఎందుకు మంచివో ఆయనకే గుర్తులేదు, కాల్చడానికి ధైర్యం లేదు.

కొన్నవాటికైతే కంపెనీ పెట్టె పారేయకండి, లాట్ నంబరు దాని మీదే ఉంటుంది. కొన్న తేదీ, బిల్లు నంబరు రాసి పెట్టుకుంటే లైసెన్సు రెన్యువల్‌కీ పనికొస్తుంది. పాతవి ముందు, కొత్తవి వెనక, కిరాణా కొట్లో సర్దినట్టు.

ట్వెల్వ్ బోర్, ట్వంటీ బోర్ ఒకే డబ్బాలో పెట్టొచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ట్వంటీ బోర్ తూటా ట్వెల్వ్ బోర్ దానికన్నా సన్నం, దాన్ని ట్వెల్వ్ బోర్ తుపాకీ గొట్టంలో వేస్తే జారి కొంచెం ముందుకెళ్ళి ఇరుక్కుంటుంది, తుపాకీ ఖాళీగా ఉన్నట్టే కనబడుతుంది. వెనక ఇంకో ట్వెల్వ్ బోర్ వేసి పేలిస్తే గొట్టం చెయ్యి ఉన్నచోటే చీలుతుంది. అందుకే ట్వంటీ బోర్‌వి పసుపు రంగులో చేస్తారు. కానీ కరెంటు పోయినప్పుడు అన్ని రంగులూ ఒకటే.

ఇంట్లో నిప్పు అంటుకుంటే అన్నీ పేలి అందరూ చస్తారా?

సినిమాల్లోలా కాదు. అమెరికాలో తూటా తయారీదారుల సంఘం సామీ పెద్ద ఎత్తున తూటాలు తగలబెట్టి చూసింది. విడిగా ఉన్న తూటా మంటలో టపటపా పేలుతుంది, కానీ చుట్టూ గొట్టం లేదు కాబట్టి గుండుకి వేగం రాదు, తేలికైన తొడుగు ముక్కే ఎక్కువ ఎగురుతుంది. ఒక్కసారిగా అన్నీ కలిసి పేలవు. అగ్నిమాపక సిబ్బంది దుస్తులు, హెల్మెట్ వాటిని ఆపగలవు. మామూలు చొక్కాలో ఉన్న మీరు మాత్రం ఆర్పడానికి వెళ్ళకండి, వచ్చినవాళ్ళకి ఏ గదిలో ఉన్నాయో చెప్పండి. నింపి ఉంచిన తుపాకీ విషయం వేరు, అందులో ఉన్న తూటా మంటలో పేలితే మామూలుగా కాల్చినంత వేగంతోనే వస్తుంది. తుపాకీ ఎప్పుడూ ఖాళీగా దాచాలనడానికి ఇదీ ఒక కారణం.

తుపాకీ, తూటాలు ఒకే బీరువాలో ఉండొచ్చా?

రెండు వేర్వేరు తాళాలు, రెండు వేర్వేరు చోట్లు. తాళంచెవులు ఒకే గుత్తికి ఉంటే రెండు తాళాలు ఉన్నట్టు కాదు. తాళం ఎక్కడుందో పిల్లలకి తెలీదని మీరు అనుకుంటారు, మీ చిన్నప్పుడు మీ నాన్న తాళాలు ఎక్కడ పెట్టేవారో మీకు తెలీదా?

దసరాకి ఆయుధ పూజలో తూటాలు పెట్టొచ్చా?

తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని పెట్టండి, తూటాలు పెట్టకండి. తడి కుంకుమ ఇత్తడికి మంచిది కాదు, హారతి కర్పూరం మంచిది అసలే కాదు. మా అమ్మ ఒప్పుకోలేదు, ఖాళీ అట్టపెట్టెకి బొట్టు పెట్టి సర్దుకుంది.

వరద నీళ్ళలో మునిగిపోయాయి, ఆరబెడితే వస్తాయా?

2015 డిసెంబరులో చెన్నైలో ఇదే ప్రశ్న నలుగురు అడిగారు. కొన్ని గంటల తర్వాత తుడిచి నీడలో ఆరబెట్టిన ఫ్యాక్టరీ తూటా పేలనూవచ్చు, పేలకపోవనూవచ్చు, సగం పేలనూవచ్చు, ఆ మూడోదే ప్రాణం మీదికి తెస్తుంది. మందు సగమే కాలితే గుండు గొట్టం మధ్యలో ఆగిపోతుంది, చప్పుడు చిన్నగా వస్తుంది, అది గమనించకుండా రెండోది కాలిస్తే గొట్టం పోతుంది. మునిగిన తూటాని నేను తూటాగా లెక్కపెట్టను. ఎండలో, స్టవ్ దగ్గర, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టొద్దు. లైసెన్సు తీసుకుని డీలర్ దగ్గరికో, స్టేషన్‌కో వెళ్ళి అప్పగించి రసీదు తీసుకోండి. మా బంధువొకాయన చెత్తబుట్టలో వేద్దామన్నాడు, అది కార్పొరేషన్ వాళ్ళ చేతిలో దొరికితే ఏమవుతుందో చెప్పాక ఆగాడు.

రేంజ్‌లో పాత తూటా పేలలేదు, వెంటనే తీసేయొచ్చా?

గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి, కొన్ని ఆలస్యంగా పేలతాయి. తర్వాత తీసి రేంజ్ ఆఫీసర్‌కి ఇవ్వండి, జేబులో వేసుకోకండి. చప్పుడు తేడాగా వచ్చినా, తన్ను తక్కువగా అనిపించినా ఆపేసి గొట్టంలోకి చూడండి, తుపాకీ విప్పి, వెనక వైపు నుంచి.

పాత ఖాళీ తొడుగు కీచైన్‌గా వాడుతున్నాను, పర్లేదా? బ్యాగులో ఒకటి మర్చిపోతే?

కీచైన్ తీసేయండి. ఇక విమానం ఎక్కేముందు రేంజ్‌కి వాడిన బ్యాగుని ఎప్పుడూ వాడొద్దు. జేబు మూలన ఒక్క తూటా దొరికినా మీనంబాకంలో అయినా, దేవనహళ్ళిలో అయినా పోలీసుల దాకా వెళ్తుంది. తెలిసి దగ్గర ఉంచుకోవడం, తెలియకుండా ఉండిపోవడం ఒకటి కాదని కోర్టుల్లో వాదించొచ్చు, 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చర్చించింది. కానీ ఆ వాదన వినిపించేలోపు మీ విమానం, మీ సెలవు, లాయర్ ఫీజు అన్నీ పోతాయి. బ్యాగు వేరే పెట్టుకోండి, మూడు వందల రూపాయలు.

తాతగారు పోయారు, ట్రంకులో తూటాలు దొరికాయి, మా ఎవరికీ లైసెన్సు లేదు. ఏం చేయాలి?

అందరికన్నా ఎక్కువ వచ్చే ఫోన్ ఇదే. ముందు ట్రంకు మూసి తాళం వేయండి. లెక్కపెట్టడం, తుడవడం, పళ్ళతో ప్రైమర్ పరీక్షించడం (నిజంగానే ఒకాయన అడిగాడు), విప్పి చూడటం ఏమీ వద్దు. ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టడం కూడా వద్దు. తాతగారి లైసెన్సు పుస్తకం ఎక్కడుందో వెతకండి, దాని మీద తుపాకీ వివరాలు, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో రాసి ఉంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సు తీసుకోండి. ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం చట్టబద్ధంగా ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాలు, తూటాలు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. వారసుల్లో ఎవరైనా లైసెన్సు కావాలనుకుంటే తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు, సిటీలో అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసులో.

ట్రంకుని మీరే ఆటోలో వేసుకుని బయల్దేరకండి. ముందు స్టేషన్‌కి వెళ్ళి రాతపూర్వకంగా చెప్పండి, ఎలా తేవాలో, వాళ్ళే వస్తారో అడగండి. నేను నాన్నవి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అక్కడి రైటర్ పదకొండు తూటాలనీ బల్ల మీద పేపరు పరిచి వరుసగా పెట్టించి, చిలుము పట్టినవి ఎన్ని, ఉబ్బినవి ఎన్ని అని విడివిడిగా రాసుకుని, రసీదు మీద సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ రసీదు ఇప్పటికీ నా లైసెన్సు పుస్తకంలోనే ఉంది, బెల్టు మాత్రం మా అమ్మ ఇవ్వలేదు.